సైటు షెడ్ల పిల్లల చదువు: మీ చర్చి నుంచి ఎలా మొదలుపెట్టాలి

వారంలో ఏదో ఒక పనిరోజు, పగలు పదకొండు గంటల వేళ హైదరాబాద్ శివార్లలోని నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు వెళ్లి చూడండి. కడుతున్న టవర్ల వెనక రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి, మన పాలమూరు, శ్రీకాకుళం నుంచి పనికి వచ్చిన కుటుంబాలు అక్కడ ఉంటాయి. బడి నడిచే ఆ వేళకు, తమ్ముణ్ని చంకన వేసుకుని షెడ్ల మధ్య తిరిగే ఎనిమిదేళ్ల పాప మీకు కనిపిస్తుంది. జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల పక్క బస్తీల్లోనూ అదే పాప ఉంటుంది. ఈ వ్యాసం ఆ పాప కోసం ఏదైనా చేయాలనుకునే చర్చి యూత్‌కి, స్త్రీల సమాజానికి, రిటైరైన టీచర్లకి.

మా సంఘం మొదటి ఏడాది చేసిన పని ముందు చెబుతాను. క్రిస్మస్‌కు నలభై స్కూల్ బ్యాగులు కొని ఒక లేబర్ క్యాంపులో పంచాం. ఫొటోలు దిగాం. ఫిబ్రవరిలో మళ్లీ వెళితే షెడ్లు సగం ఖాళీ. ఉన్న పిల్లల్లో ఒక్కరూ బడికి వెళ్లడం లేదు. ఒక షెడ్డులో మేమిచ్చిన బ్యాగు మేకుకు వేలాడుతోంది, దాన్నిండా ఉల్లిగడ్డలు. అందులో ఆ తల్లి తప్పేమీ లేదు. బడే లేని పిల్లకు బడి బ్యాగు ఏం చేసుకోవాలి? ఆ రోజు మాకు అర్థమైంది, ఈ పిల్లలకు కొరత వస్తువులది కాదని. ఏడాదికి రెండు మూడు చోట్లు మారే పిల్లలు వాళ్లు. మారకుండా ఒకే చోట, ఒకే వేళకు కనబడే పెద్దమనిషి వాళ్లకు కావాలి. కింద చెప్పిన పనులన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

మొదట సంఘంలో మాట్లాడండి

క్యాంపుకు వెళ్లకముందే పాస్టర్ గారితో, కమిటీతో కూర్చోండి. మూడు విషయాలు తేల్చుకోవాలి. ఎవరు వస్తారు, వారానికి ఎన్ని రోజులు, ఎంత కాలం.

పాతిక, ముప్పై మంది పిల్లలకు కనీసం ఆరుగురు పెద్దలు కావాలి. అందరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒకరు చిన్నపిల్లల్ని ఆడించాలి, ఒకరు తినడానికి చూసుకోవాలి, ఒకరు బడి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరిగే పనికి ఓపిక ఉన్న రిటైర్డ్ ఉద్యోగి దొరికితే మీ అదృష్టం. మాలో ఆ పని చేసేది ఒక రిటైర్డ్ క్లర్క్ అంకుల్. పిల్లలకు ఒక్క అక్షరం నేర్పలేదు గానీ బడిలో చేరిన ప్రతి పిల్ల వెనకా ఆయన చెప్పులు అరిగాయి.

వారానికి మూడు రోజులు పెట్టుకోండి. ఐదు రోజులు అని ఉత్సాహంగా మొదలుపెట్టి రెండో నెలకు రెండు రోజులకు దిగడం కన్నా, మూడే అని చెప్పి ఆ మూడూ తప్పకుండా నడపడం మేలు. జూన్‌లో బడులు తెరిచిన దగ్గర్నుంచి ఏప్రిల్ వరకు ఒక విద్యాసంవత్సరం ఉంటామని వచ్చేవాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. సెమిస్టర్ పరీక్షలున్న కాలేజీ పిల్లలు, నైట్ షిఫ్టులున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు నిజాయితీగా ‘నెలకు రెండుసార్లే వీలవుతుంది’ అంటే వాళ్లను అదనపు జాబితాలో పెట్టండి. రోజూ వచ్చే అక్క హఠాత్తుగా మానేస్తే, ఆ పిల్లలకు అది ఇంకో ఊరు మారినట్టే.

క్యాంపులో అడుగుపెట్టే పద్ధతి

సైటు పక్కనుండే లేబర్ క్యాంపులోకి నేరుగా వెళ్లలేరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. ముందు కాంట్రాక్టర్ మనిషినో, సైటు సూపర్‌వైజర్‌నో కలిసి, ఏం చేయబోతున్నారో, ఏం చేయరో రెండు మాటల్లో చెప్పండి. తర్వాత మేస్త్రీలను కలవాలి. మనుషుల్ని ఊరినుంచి తీసుకొచ్చింది వాళ్లే. వాళ్లు సరేనంటే తల్లిదండ్రులు మీతో నిమ్మళంగా మాట్లాడతారు.

వెళ్లే వేళ సాయంత్రం ఆరున్నర దాటాక. పని దిగి, స్నానాలు చేసి, పొయ్యి వెలిగించే సమయం అది. ఆదివారం కూడా చాలా సైట్లలో పూట పని ఉంటుంది. పైగా వారానికోసారి ఖర్చీ డబ్బులు చేతికొచ్చి బజారుకు వెళ్లే రోజు కూడా చాలాచోట్ల అదే. కాబట్టి ఆరాధన అయ్యాక అందరూ కలిసి వెళ్దాం అనుకోవద్దు. ఇద్దరు ముగ్గురు చాలు, అందులో ఒకరైనా ఆడవాళ్లు ఉండాలి. హిందీ బాగా వచ్చినవాళ్లు ఒకరు తప్పనిసరి. మన హైదరాబాదీ హిందీ వాళ్లకు బాగానే అర్థమవుతుంది.

మొదటి రోజు ఏమీ పంచవద్దు. బిస్కెట్ ప్యాకెట్లు కూడా వద్దు. కూర్చోమంటే కూర్చోండి, చాయ్ ఇస్తే తాగండి. ఒక పెద్ద రూళ్ల నోట్‌బుక్ తీసుకెళ్లి ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ కేటాయించండి. తల్లి పిలిచే పేరు, కాగితాల్లో ఉన్న పేరు, వయసు, సొంత ఊరు, జిల్లా, ఆఖరిసారి ఏ బడిలో ఏ తరగతి, ఏ భాషలో చదివింది, ఇంట్లో ఏం భాష, కింద ఎంతమంది తమ్ముళ్లు చెల్లెళ్లు, ఈ సైటులో ఇంకెన్నాళ్లుంటారు. ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. స్లాబు పని అయిపోతే నెలలో వెళ్లిపోయే కుటుంబానికీ, ఫినిషింగ్ దాకా ఉండే కుటుంబానికీ మీరు చేయగలిగేది వేరువేరు.

బడిలో చేర్చడమే అసలు పని

చాలా చర్చిలు ఇక్కడే దారి తప్పుతాయి. సాయంత్రం ట్యూషన్ పెడతాయి, పిల్లలు వస్తారు, పాటలు పాడతారు, అంతా సంతోషంగా ఉంటుంది. పగలు మాత్రం వాళ్లు బడికి వెళ్లరు. మీ ట్యూషన్ ఎంత బాగున్నా బడికి బదులు కాదు. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, ఉచిత పుస్తకాలున్నాయి, యూనిఫాం ఉంది, తరగతి దాటినట్టు చెప్పే కాగితం ఉంది. అన్నిటికన్నా, పగలంతా సైటు ఇనుప ఊచల మధ్య తిరగకుండా పిల్ల ఒక గదిలో భద్రంగా ఉంటుంది.

ఈ మాట మనకు నేర్పినవాళ్లు ఇక్కడే ఉన్నారు. శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి ఈ రంగారెడ్డి జిల్లాలోనే పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చింది. పని చేసే పిల్లలకు రాత్రి బడి పెడితే చాలన్న వాదనను వాళ్లు ఒప్పుకోలేదు. పిల్లలంటే పగటిపూట పూర్తిస్థాయి బడిలో ఉండాల్సిందేనన్నారు. వయసు మీరిన పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ కృషికే ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. సాయంత్రం మీరు పెట్టే క్లాసు కూడా బ్రిడ్జి లాంటిదే అనుకోండి. అవతలి ఒడ్డు బడి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లేముందు అందులో ఈ నాలుగు సెక్షన్లు తెలుసుకుని వెళ్లండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువు అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని 4వ సెక్షన్ చెబుతుంది. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, ఇది 5వది. వయసు ధ్రువీకరణ లేదని తిప్పి పంపకూడదు, 14వది. విద్యాసంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, 15వది. ఆధార్ సంగతికొస్తే, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 నాటి తీర్పులో చెప్పింది.

తెలుసుకుని వెళ్లమన్నాను, వాదనకు దిగమనలేదు. ఒక బడిలో మా అంకుల్‌ను ఆధార్ లేదని రెండుసార్లు పంపించేశారు. మూడోసారి ఆయన చట్టం మాట ఎత్తకుండా, ‘మేడమ్, మీకు ఇబ్బంది ఎక్కడొస్తోంది?’ అని అడిగారు. ఆధార్ నంబరు లేకపోతే ఆన్‌లైన్ ఎంట్రీ దగ్గర చిక్కులొస్తాయని, లెక్కల్లో తేడా వస్తే పైనుంచి తననే అడుగుతారని ఆవిడ చెప్పింది. ముందు పిల్లల పేర్లు అడ్మిషన్ రిజిస్టర్‌లో రాయండి, ఆధార్ సెంటర్‌కు మేమే తిప్పుతాం అని ఆయన మాటిచ్చారు, తిప్పారు కూడా. పదకొండు మంది పిల్లలు ఆ వారంలోనే బడికెళ్లారు. ఇలా మాట్లాడినా కుదరకపోతే మండల విద్యాధికారికి (ఎంఈవో), ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా వదిలేయొద్దు.

జూన్‌లో బడిబాట కార్యక్రమం నడుస్తుంది. ఆ రోజుల్లో టీచర్లే పిల్లల కోసం బస్తీలు తిరుగుతారు. మీ నోట్‌బుక్ తీసుకుని వాళ్లతోపాటు తిరిగితే నెల పని వారంలో అవుతుంది.

దారి సంగతి కూడా చూడండి. చాలా క్యాంపుల నుంచి ప్రభుత్వ బడికి వెళ్లాలంటే సర్వీస్ రోడ్డో, టిప్పర్లు తిరిగే దారో దాటాలి. తల్లి పంపకపోవడానికి చదువు మీద ఇష్టం లేకపోవడం కారణం కాదు, ఆ రోడ్డు మీద భయం. మొదటి రెండు మూడు నెలలు ఉదయం ఎవరో ఒకరు పిల్లల్ని జట్టుగా నడిపించుకెళ్లే ఏర్పాటు చేయండి. ఆటో నడిపే బ్రదర్ సంఘంలో ఉంటే అడగండి. ఇక తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయే పాప ఉందే, ఆమెను బడికి పంపాలంటే ముందు తమ్ముణ్ని అంగన్‌వాడీలో చేర్చాలి. మూడేళ్లు నిండని పసివాడైతే మేస్త్రీతో మాట్లాడి, పని మానేసిన ఒక అమ్మమ్మను క్యాంపులోనే పిల్లల్ని చూసేలా కుదర్చగలరా అని అడగండి. మాకు రెండు చోట్ల కుదిరింది, ఒక చోట కుదరలేదు.

పద్నాలుగు దాటి బడి మానేసిన పిల్లలకు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. బడి మానేసిన ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాల్లో హాస్టల్‌తో సీటు దొరకొచ్చు. తల్లిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపించాకే ఆ మాట ఎత్తండి.

సాయంత్రం క్లాసు

చర్చి హాలు దగ్గరైతే అక్కడ, దూరమైతే క్యాంపులోనే లైటున్న చోట పెట్టండి. గంటన్నర, ఐదున్నర నుంచి ఏడు. అంతకన్నా పొడిగిస్తే పిల్లలు తూలిపోతారు.

మొదటి వారం పాఠం చెప్పొద్దు. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఉందో చూడండి. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో 2005 నుంచి దేశమంతా వాడుతున్న పద్ధతి దీనికి చక్కగా పనికొస్తుంది. చదవడంలో అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో ఒకటి నుంచి తొమ్మిది అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్లకు బాగా వచ్చిన భాషలోనే చూడాలి. తెలుగు అక్షరం రాని పిల్ల హిందీలో కథ గడగడా చదవచ్చు. ఆ పిల్లను అక్షరాల గుంపులో పడేస్తే వారంలో మానేస్తుంది.

గుంపులు వయసును బట్టి కాదు, ఈ స్థాయిని బట్టి చేయండి. పదకొండేళ్లవాణ్ని ఏడేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టినప్పుడు వాడికి సిగ్గేస్తుంది. వాడికి చిన్నవాళ్ల పలకలు పంచే బాధ్యతో, హాజరు పిలిచే బాధ్యతో ఇవ్వండి, సిగ్గు తీరుతుంది.

ఇప్పుడు భాష. దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే పిల్లలు బడి మానేసేది ఎక్కువగా ఇక్కడే. 2018 చట్టం ప్రకారం తెలంగాణలోని బడుల్లో తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. ప్రభుత్వ బడుల్లో పాఠాలు ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఇంట్లో ఒడియా, షెడ్ల మధ్య హిందీ, క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. తొమ్మిదేళ్ల పిల్ల ఇన్ని భాషల మధ్య నలుగుతుంటే టీచరు ‘మొద్దు’ అనుకుంటారు.

పిల్లకు వచ్చినదాన్నే మెట్టుగా వాడండి. ఒడియా, హిందీ, తెలుగు మూడింటి వర్ణమాల వరస ఒకటే. క, ఖ, గ, ఘ అని మొదలుపెట్టి చ, ఛ, జ, ఝ దాకా అదే క్రమం. కొంచెమైనా చదువుకున్న ఒడియా పిల్లకు తెలుగు అక్షరమాల కొత్త వరస కాదు, తెలిసిన వరసకు కొత్త బొమ్మలు. మాకు ఇది ఒక సాయంత్రం అనుకోకుండా తెలిసింది. ఒడిశాలోని బలాంగిర్ జిల్లా నుంచి వచ్చిన ఒక పాప నెల రోజులు పలక ముందేసుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఒక రోజు మా సిస్టర్ బోర్డు మీద ‘ఠ’ రాసింది. పాప తల ఎత్తి చూసి, వేలితో గాలిలో గుండ్రంగా సున్నా చుట్టి ‘ఠ’ అంది. ఒడియాలోనూ ఆ అక్షరం గుండ్రమే, హిందీలోనూ గుండ్రమే. తెలుగులో మధ్యన చుక్క, పైన తలకట్టు. సిస్టర్ సుద్దముక్క ఆమె చేతికిచ్చింది. పాప బోర్డు దగ్గరికొచ్చి తన ఒడియా అక్షరాలు వరసగా రాస్తూ పోయింది, సిస్టర్ ఒక్కోదాని కింద తెలుగుది రాసింది. బోర్డు నిండాక నేల మీద రాశారు. ఆ రోజు తర్వాత ఆ పిల్ల నోరు మూతపడలేదు.

గుణింతం భావన కూడా వాళ్లకు తెలిసిందే, గుర్తులే వేరు. కష్టం వచ్చేది రెండు చోట్ల. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా వాళ్ల భాషల రాతలో లేదు. ‘చెడు’, ‘చేదు’ లాంటి మాటలు చెవికి వినిపించి నేర్పాలి. రెండోది ఒత్తులు. హిందీలో సగం అక్షరం పక్కన వస్తుంది, మనకు కిందికి దిగుతుంది. వీటికి టైం ఇవ్వండి, తొందరపెట్టొద్దు.

లెక్కలకు కాగితపు నోట్లు కత్తిరించి వాడండి. సైటు పిల్లలకు డబ్బు లెక్క బాగా వస్తుంది. కిరాణా కొట్టుకు వెళ్లేది వాళ్లే. యాభై ఇచ్చి ముప్పై ఏడు రూపాయల సరుకు తెస్తే ఎంత మిగులుతుందో నోటితో చెప్పేస్తారు. అదే తీసివేతగా పలక మీద వేస్తే బిక్కమొహం వేస్తారు. పది నోటును పది రూపాయి బిళ్లలుగా మార్పించండి, అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది.

తినడానికి ఉడికించిన కోడిగుడ్డు మంచిది, గుడ్డు తినని వాళ్లకు అరటిపండు. ముప్పై మందికి రోజుకో ట్రే, వారానికి మూడు ట్రేలు. శనగ గుగ్గిళ్లు, పల్లీ చిక్కీ మధ్యమధ్యలో. క్లాసు మొదట్లోనే పెట్టండి, చివర్లో కాదు. ఆకలితో ఉన్న పిల్లకు గంటన్నర ఒత్తు నేర్పడం అన్యాయం.

ప్రార్థన సంగతి

ఇది సూటిగా చెప్పాలి, మన మధ్యే మాట్లాడుకోవాలి. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది హిందువులు, కొందరు ముస్లింలు, కొందరు ఆదివాసీ ఆచారాలవాళ్లు. వాళ్లు పిల్లల్ని మన దగ్గరికి పంపేది చదువు కోసం. చదువు వేళలో వాక్యం చెప్పడం, ప్రార్థన చేయించి గుడ్డు పెట్టడం, పాట నేర్చుకున్న పిల్లకు బహుమతి ఇవ్వడం వద్దు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రభుత్వ గుర్తింపు పొందిన, లేదా ప్రభుత్వ సాయం అందుకునే విద్యాసంస్థల్లో కూడా, పిల్లలైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని చెప్పింది. మన సాయంత్రం క్లాసు ఆ లెక్కలోకి రాకపోవచ్చు, న్యాయం మాత్రం అదే. ఇంకొకరి ఇంటి పసిపిల్లను, అందులోనూ మన చేతిలో తిండి, చదువు ఉన్నప్పుడు, ఆ స్థితిలో పెట్టడం నాకు తప్పుగా అనిపిస్తుంది. నేను విశ్వాసిని కాబట్టే అనిపిస్తుంది.

‘మరి మనం చర్చి నుంచి వెళ్లడం ఎందుకు?’ అని మా కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. సండే స్కూల్ ఎలా పుట్టిందో ఆయనకు చెప్పాం. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారం బడి పెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి. ఆదివారమే ఎందుకంటే ఆ పిల్లలకు ఖాళీ దొరికేది ఆ ఒక్క రోజే. అయితే ఆయన బైబిల్ చదవడం కూడా నేర్పాడు, ఆ ఊరి పిల్లలు క్రైస్తవ కుటుంబాలవాళ్లు. మన ఎదుట ఉన్న కుటుంబాలు వేరు, కాబట్టి ఆయన దగ్గర్నుంచి మనం తీసుకోవాల్సింది అక్షరం ముక్క.

మీరు చర్చి నుంచి వచ్చారన్న సంగతి దాచవద్దు. మొదటి రోజే చెప్పండి. క్రిస్మస్‌కు తల్లిదండ్రులతో సహా భోజనానికి పిలవండి, ఎవరి ఇష్టంతో వాళ్లు వస్తారు. ఛఠ్ పూజకు, రంజాన్‌కు సెలవివ్వండి.

మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ స్కూల్) పెట్టే సంఘాలకు ఒక విన్నపం. బడులకు సెలవులు, ఎండలు మండుతుంటాయి, సైటు పిల్లలు నీడ లేక తిరుగుతుంటారు. మీ హాలు, ఫ్యాన్లు, వలంటీర్లు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. వీబీఎస్ అయిన మర్నాటి నుంచి పది రోజులు అదే హాలులో వట్టి చదువు క్యాంపు పెట్టండి. ఖర్చు పెద్దగా పెరగదు.

భద్రత, డబ్బు

ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఎంత నమ్మకస్తులైనా, పాస్టర్ గారైనా సరే. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచి. కొట్టడం, తిట్టడం లేదు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, చర్చి పేజీల్లో పెట్టొద్దు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం. సంఘం పరువు కోసం లోపల సర్దుకునే విషయం కాదిది.

పద్నాలుగేళ్లలోపు పిల్ల పనిలో కనిపిస్తే, తల్లిదండ్రుల పక్కన మట్టి మోస్తుంటే, ముందు వాళ్లతో, మేస్త్రీతో మాట్లాడండి. తల్లిదండ్రులు లేకుండా ఊరినుంచి తెచ్చి కార్ఖానాలో పెట్టిన పిల్లలైతే ఆలోచించొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్ పిల్లలు.

డబ్బుకు వేరే ఖాతా పుస్తకం పెట్టి, నెలనెలా కమిటీ ముందు చదవండి. ఒక్క జాగ్రత్త. మన సంఘాల్లో చాలామందికి అమెరికాలో బంధువులుంటారు, పంపిస్తామంటారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ముందే అడిగి తెలుసుకోండి.

వెళ్లిపోయే రోజు

పని అయిపోతుంది. ఒక సాయంత్రం క్లాసుకు వస్తే నాలుగు చాపలు ఖాళీగా ఉంటాయి. దీనికి ముందే సిద్ధమవ్వాలి.

ప్రతి పిల్లకూ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఇవ్వండి. అందులో బడి ఇచ్చిన కాగితాల నకళ్లు, ఆధార్ ఉంటే దాని జిరాక్స్, ఏ స్థాయిలో చదువుతోందో హిందీలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన ఒక పేజీ, మీ ఫోన్ నంబరు. ఫోల్డర్ పిల్ల దగ్గర కాదు, తల్లి దగ్గర ఉంచండి, ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకుంటుంది. టీసీ అడిగితే హెడ్‌మాస్టర్ వెంటనే ఇవ్వాలన్నది కూడా 5వ సెక్షన్‌లోనే ఉంది. వెళ్లేముందు వారం చెబితే చాలని తల్లిదండ్రులకు పదేపదే చెప్పండి. ఎక్కడికెళ్తున్నారో అడిగి రాసుకోండి. హైదరాబాద్‌లోనే ఇంకో సైటుకైతే అక్కడికి దగ్గరలో ఏ సంఘం ఉందో వెతికి, ఆ పాస్టర్ గారికి ఫోన్ చేయండి. మీ డినామినేషన్ కాకపోయినా సరే.

నోట్‌బుక్‌లో వెళ్లిపోయిన పిల్ల పేజీ చింపవద్దు, కొట్టేయవద్దు. తేదీ వేసి, ఎక్కడికి వెళ్లిందో రాసి, కింద ఖాళీ వదలండి. ‘ఠ’ రాసిన పాప కుటుంబం సంక్రాంతి తర్వాత ఊరికి వెళ్లిపోయింది. ఆగస్టులో అదే మేస్త్రీతో వేరే టవర్ పనికి తిరిగొచ్చారు. పాప తల్లి ఫోల్డర్‌లో ఉన్న నంబరుకు తనే ఫోన్ చేసి, బడి ఎన్నిగంటలకు అని అడిగింది. మేం పాప పేజీ తీశాం. ‘పేరా చదువుతోంది, తీసివేత వచ్చింది, ఒత్తులు ఇంకా రావాలి’ అని ఉంది. దాని కింద కొత్త తేదీ వేసి ఒత్తుల నుంచి మొదలుపెట్టాం.